లాగిన ఫోల్డర్ ఎక్కడికి పోయింది? డ్రాగ్ అండ్ డ్రాప్‌తో మీకూ ఇలా జరిగిందా?

మారతహళ్ళి_అకౌంట్స్

అందరికీ నమస్కారం. నేను మారతహళ్ళిలో ఒక ఆడిటర్ గారి దగ్గర పనిచేస్తున్నాను. క్లయింట్ల ఫోల్డర్లన్నీ సర్వర్లో ఉంటాయి, నలుగురం వాడతాం. జీఎస్టీ 3బి, అంటే నెలవారీ రిటర్ను, గడువు 20వ తేదీ. 19 సాయంత్రం చూస్తే ఒక క్లయింటు ఫోల్డర్ మొత్తం లేదు. ఎవరినడిగినా "నేను డిలీట్ చేయలేదు" అనే మాటే. సర్వర్లో చెరిపినవి రీసైకిల్ బిన్‌లోకి రావు కదా, దాంతో టెన్షన్ ఇంకా పెరిగింది. సార్ మొహం చూడలేకపోయాను.

రెండు గంటలు వెతికాక పక్క క్లయింటు ఫోల్డర్ లోపల దొరికింది. ఎవరో డబుల్ క్లిక్ చేయబోతుంటే చెయ్యి కాస్త జరిగింది, ఫోల్డర్ వెళ్ళి పక్కదాంట్లో పడింది. "మార్చమంటారా?" అని ఒక్క మాట అడగలేదు. ఆ పొద్దున దాన్ని చివరిగా తెరిచింది నేనే, అందుకే ఇంకా బాధగా ఉంది. దీన్ని ఆపే దారి ఏదైనా ఉందా?

బెళ్ళందూరు_సపోర్ట్

బాధపడకండి అన్నా. నాకు నెలకి ఒకటి రెండైనా ఇలాంటి కాల్స్ వస్తాయి. ఇందులో మీ తప్పు తక్కువ.

విండోస్‌లో లెక్క ఇది. ఒకే డ్రైవ్‌లో లాగితే ఫైల్ అక్కడి నుంచి ఇక్కడికి మారిపోతుంది. వేరే డ్రైవ్‌లోకి లాగితే కాపీ అవుతుంది. ఒకే పని, రెండు ఫలితాలు. ఈ తేడా తెలియక "పెన్ డ్రైవ్‌లోకి లాగితే ఇక్కడ కూడా ఉందే, మరి డెస్క్‌టాప్ మీదకి లాగితే ఎందుకు పోయింది" అని అడిగేవాళ్ళు చాలామంది. కంట్రోల్ నొక్కి లాగితే ఎక్కడైనా కాపీయే. షిఫ్ట్ నొక్కితే ఎక్కడైనా మూవ్. ఆల్ట్ నొక్కితే షార్ట్‌కట్. ఇవి గుర్తుండకపోతే కుడి బటన్‌తో లాగండి. వదిలిన చోట కాపీయా, మూవా, షార్ట్‌కట్టా అని చిన్న మెనూ వస్తుంది. నేను అందరికీ మొదట నేర్పేది ఇదే. మధ్యలో మనసు మారితే ఎస్కేప్ నొక్కండి. పొరపాటు వెంటనే కనిపిస్తే అదే కంప్యూటర్లో కంట్రోల్ జెడ్ కొడితే వెనక్కి వస్తుంది.

ఇక మీ అసలు సమస్య. బటన్ నొక్కి ఉండగా మౌస్ 4 పిక్సెళ్ళు దాటి జరిగితే చాలు, మీరు లాగుతున్నారని విండోస్ అనుకుంటుంది. ఇప్పటి స్క్రీన్ల మీద 4 పిక్సెళ్ళంటే కంటికి ఆనదు. దీన్ని పెంచుకోవచ్చు. విండోస్ లోపలి సెట్టింగులు మార్చే రిజిస్ట్రీ ఎడిటర్లో హెచ్‌కీ కరెంట్ యూజర్, దాని కింద కంట్రోల్ ప్యానెల్, దాని కింద డెస్క్‌టాప్. అక్కడ డ్రాగ్‌హైట్, డ్రాగ్‌విడ్త్ అని రెండు ఉంటాయి. రెండిట్లోనూ 4 తీసేసి 40 పెట్టి, సైన్ అవుట్ చేసి మళ్ళీ లోపలికి రండి. రిజిస్ట్రీలో ఇంకేదీ ముట్టుకోవద్దు. ఈ సెట్టింగ్ ఏ యూజర్‌కి ఆ యూజర్‌దే, కాబట్టి నలుగురి దగ్గరా మార్చాలి.

చిక్‌పేట_డీటీపీ

నా సమస్య దీనికి తలకిందులు. నాకు లాగితే అసలు పడటం లేదు.

చిక్‌పేట దగ్గర తెలుగు, కన్నడ శుభలేఖలు కొట్టిస్తాను. ఫోల్డర్లోంచి వెంకటేశ్వరస్వామి బొమ్మ పట్టుకుని పేజీ మీదకి లాగడం పదిహేనేళ్ళ అలవాటు. రెండు నెలల క్రితం సిస్టం బాగుచేయించాక అది ఆగిపోయింది. బొమ్మ పేజీ మీదకి తెస్తే అడ్డగీత ఉన్న గుండ్రం గుర్తు వస్తోంది. మౌస్ పాడైందేమోనని కొత్తది కొన్నాను. అదీ అంతే. ఇప్పుడు ప్రతి బొమ్మకీ ఫైల్ మెనూకి వెళ్ళి, ఇంపోర్ట్ నొక్కి, ఫోల్డర్ వెతుక్కుంటున్నాను. మాఘమాసం ముహూర్తాలప్పుడు రోజుకి ముప్పై కార్డులుంటాయి, ఆలోచించండి.

బెళ్ళందూరు_సపోర్ట్

అన్నా, బాగుచేసినవాళ్ళు ఆ సాఫ్ట్‌వేర్‌కి "రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్" పెట్టి ఉంటారు. దాని ఐకాన్ మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ ట్యాబ్‌లో చూడండి. టిక్ ఉంటే తీసేయండి.

విండోస్ విస్టా కాలం నుంచీ ఉన్న భద్రతా నియమం ఇది. మామూలు హక్కులతో నడిచే ప్రోగ్రాం నుంచి అడ్మిన్ హక్కులతో నడిచే ప్రోగ్రాంలోకి ఏదీ లాగి వేయనివ్వదు. నియమం మంచిదే. కానీ ఎందుకు పడటం లేదో ఒక్క ముక్క రాసి చూపిస్తే మీకు కొత్త మౌస్ ఖర్చు తప్పేది. నాకు దీని మీదే కోపం.

చిక్‌పేట_డీటీపీ

టిక్ ఉంది. తీసేశాను. బొమ్మ పడింది! చాలా థాంక్స్ తమ్ముడూ.

వైట్‌ఫీల్డ్_టెస్టర్

ఉన్న సౌకర్యం తీసేస్తే ఎలా ఉంటుందో 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు చూశాం. ఫైల్‌ని టాస్క్‌బార్‌లోని ఐకాన్ మీద పట్టుకుంటే ఆ విండో పైకి రావడం అనేది మొదటి వెర్షన్లో లేదు. 2022లో 22హెచ్2 అనే అప్‌డేట్‌తో మళ్ళీ ఇచ్చారు. పదేళ్ళుగా చేతికి అలవాటైన పనిని ఎవరూ ఫీచర్ అని చెప్పుకోరు. సర్వేలో అడిగితే గుర్తు కూడా రాదు. అది పోయిన రోజే తెలుస్తుంది. నేను టెస్టింగ్‌లో ఉన్నాను కాబట్టి ఈ మాట మా మీటింగుల్లో పదే పదే చెప్తాను.

ఆ ఏడాదంతా నేను వాడిన దారి ఇప్పటికీ పనికొస్తుంది. ఫైల్‌ని మౌస్‌తో పట్టుకునే ఉండి, రెండో చేత్తో ఆల్ట్ ట్యాబ్ కొట్టి, కావాల్సిన విండో వచ్చాక వదలండి.

కేఆర్‌పురం_టీచరమ్మ

నేను రిటైరైన తెలుగు టీచర్ని. మా అపార్ట్‌మెంటు పిల్లలకి ప్రశ్నపత్రాలు తయారుచేస్తుంటాను. కుడి బొటనవేలి దగ్గర నరం నొప్పి. మౌస్ నొక్కి పట్టుకుని లాగడం నా వల్ల కాదు. లాగకుండా పని జరిగే మార్గం ఉంటే చెప్పండి బాబూ.

వైట్‌ఫీల్డ్_టెస్టర్

ఉందమ్మా. వర్డ్‌లో ఏడో ప్రశ్నని నాలుగో ప్రశ్న పైకి తేవాలంటే, కర్సర్ ఏడో ప్రశ్నలో పెట్టి ఆల్ట్, షిఫ్ట్ రెండూ పట్టుకుని పై బాణం కొట్టండి. కొట్టిన ప్రతిసారీ ఆ పేరా ఒక్కో మెట్టు ఎక్కుతుంది. ఆటోమేటిక్ నంబర్లు పెట్టుకుని ఉంటే అవీ వాటంతటవే సర్దుకుంటాయి.

మౌస్‌తోనే చేయాల్సి వస్తే, మౌస్ ప్రాపర్టీస్‌లో బటన్స్ ట్యాబ్ కింద క్లిక్‌లాక్ ఉంటుంది. అది ఆన్ చేస్తే బటన్‌ని ఒక క్షణం నొక్కి వదిలేయొచ్చు. వేలు తీసినా పట్టు ఉంటుంది. ఇంకోసారి క్లిక్ చేస్తే వదులుతుంది. వెబ్‌సైట్లని వైకల్యం ఉన్నవాళ్ళు కూడా వాడుకోగలగాలని 2023లో వచ్చిన డబ్ల్యూసీఏజీ 2.2 ప్రమాణాల్లో కూడా, లాగి చేసే పనికి లాగకుండా చేసే దారి ఒకటి ఉండాలని రాశారు. డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ చేసేవాళ్ళూ దీన్ని పాటించాలని నా కోరిక.

హెచ్‌ఎస్‌ఆర్_మ్యాక్

మ్యాక్‌కి మారినవాళ్ళకి ఒక మాట. ఫైండర్లో, అంటే మ్యాక్‌లో ఫైళ్ళు చూసే విండోలో, ఫైల్‌ని కట్ చేద్దామని కమాండ్ ఎక్స్ కొడితే ఏమీ జరగదు. కమాండ్ సి కొట్టి, చేరాల్సిన చోట ఆప్షన్ కమాండ్ వి కొడితే మూవ్ అవుతుంది. లాగేటప్పుడు ఆప్షన్ పట్టుకుంటే కాపీ.

కేఆర్‌పురం_టీచరమ్మ

బాణంతో ప్రశ్న పైకి వెళ్ళడం చూసి ప్రాణం లేచొచ్చింది. ఈ రోజు ఇరవై ప్రశ్నలూ నొప్పి లేకుండా సర్దుకున్నాను. చల్లగా ఉండు తల్లీ.

చిక్‌పేట_డీటీపీ

నాది ఇంకో కోరిక. పాత నాన్-యూనికోడ్ ఫాంట్లలో చేసిన శుభలేఖలు వేలల్లో ఉన్నాయి. తెరిచి చూస్తే తెలుగే, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాల కోడ్‌లు. అందుకే "కల్యాణ" అని వెతికితే ఒక్కటీ దొరకదు. మార్చకుండా ఉన్నవాటిని ఉన్నట్టే వెతికే సాధనం ఎవరైనా వాడుతుంటే చెప్పండి.

మారతహళ్ళి_అకౌంట్స్

నలుగురి సిస్టంలలోనూ 40 పెట్టాం. మా సీనియర్ అక్కకి ఎక్సెల్ ఫైళ్ళు రోజంతా లాగే పని, ఆవిడకి అది మరీ బరువుగా అనిపించింది. ఆవిడ దగ్గర 20కి దించాం. మూడు రోజులైంది, ఫోల్డర్లన్నీ ఉన్నచోటే ఉన్నాయి. కుడి బటన్‌తో లాగడం సార్‌కి కూడా చూపించాను.