అప్‌డేట్: క్లాడిన్-1 యాంటీబాడీ స్టెయినింగ్ సమస్య తీరింది

సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం: కాకో-2 కణాల్లో (ల్యాబ్‌లో పెంచే మనిషి పేగు కణాలు) క్లాడిన్-1 (పక్కపక్క కణాలను బిగుతుగా కలిపే ప్రోటీన్) యాంటీబాడీతో ఇమ్యునోఫ్లోరెసెన్స్ (ప్రోటీన్ ఎక్కడుందో వెలిగే రంగుతో చూసే పద్ధతి) చేస్తే, కణాల అంచుల వెంట సన్నటి గీతలు రావాల్సింది పోయి సైటోప్లాజం అంతా మసకగా వెలుగుతోందని, యాంటీబాడీ మార్చాలా అని అడిగాను.

మార్చక్కర్లేదు. పనిచేసింది మెథనాల్ సలహా. కణాలను ఫిక్స్ చేయడానికి, అంటే ఉన్నవి ఉన్నట్టు నిలిపి ఉంచడానికి, వాడుతున్న పారాఫార్మాల్డిహైడ్ మానేసి, -20 డిగ్రీల మెథనాల్‌లో 10 నిమిషాలు ఫిక్స్ చేశాను, అంతే, తేనెపట్టు గదుల్లా ప్రతి కణం చుట్టూ గీత స్పష్టంగా వచ్చింది, చూడగానే ఎంత సంతోషమేసిందో! మా మైక్రోస్కోపీ ఫెసిలిటీలో మేడం చెప్పిన కారణం ఇది: ఈ యాంటీబాడీ పట్టుకునేది కణం లోపలి వైపు ఉండే క్లాడిన్-1 సి-టర్మినల్ తోకని (ప్రోటీన్ గొలుసు చివరి భాగం). పారాఫార్మాల్డిహైడ్ చుట్టుపక్కల ప్రోటీన్లను ఒకదానికొకటి బంధించేసరికి ఆ భాగం యాంటీబాడీకి అందడం లేదు. మెథనాల్ అలా బంధించదు, పైగా కణపొరను కూడా తెరుస్తుంది కాబట్టి ట్రైటాన్ (కణపొరను తెరిచే డిటర్జెంట్) విడిగా వాడాల్సిన పని పడలేదు.

బ్లాకింగ్ (యాంటీబాడీ అనవసర చోట్ల అంటుకోకుండా చేసే దశ), సెకండరీ (మొదటి యాంటీబాడీకి అంటుకుని వెలిగే రెండో యాంటీబాడీ), డైల్యూషన్ ఏది మార్చినా తేడా రాలేదు. వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లను సైజును బట్టి విడదీసి యాంటీబాడీతో గుర్తించే పరీక్ష) క్లాడిన్-1 సైజైన 22 కిలోడాల్టన్ల దగ్గర బ్యాండ్ ముందునుంచీ బాగానే ఉంది, కానీ అక్కడ ప్రోటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, అది చూసి ఫిక్స్ చేసిన కణాల్లోనూ పనిచేస్తుందని నమ్మలేం.

ఒక్క జాగ్రత్త: అదే స్లైడ్‌లో ఫాలాయిడిన్‌తో (యాక్టిన్‌కి అంటుకునే పదార్థం) యాక్టిన్ (కణానికి ఆకారమిచ్చే పోగుల ప్రోటీన్) కూడా చూడాలంటే మెథనాల్ వద్దు, ఫాలాయిడిన్ సరిగ్గా అంటుకోదు.