మూడు కౌంట్లూ పడిపోయాయి, రెటిక్ మాత్రం 'నార్మల్': మజ్జ పరీక్ష తప్పదా?

గుంటూరు_అక్క:
మా తమ్ముడికి 19 ఏళ్లు. చిగుళ్ల నుంచి రక్తం, కాళ్ల మీద ఎర్ర చుక్కలు. డెంగీ అనుకున్నాం, కాదని తేలింది. సీబీపీలో (రక్తకణాల లెక్క పరీక్ష) హిమోగ్లోబిన్ 5.8, ఆర్‌బీసీ (ఎర్రకణాలు) 17 లక్షలు, ఎంసీవీ (ఎర్రకణం సైజు) 104, తెల్లకణాలు 1,900 (న్యూట్రోఫిల్స్ 20 శాతం), ప్లేట్‌లెట్లు 14,000. రెటిక్ (కొత్తగా వచ్చిన ఎర్రకణాల వాటా) 1 శాతం, పక్కన నార్మల్ అని ఉంది. ఎముక మజ్జ పరీక్ష చేయాలంటున్నారు. అమ్మ వద్దంటోంది.

స్లైడు_చూసేవాడు:
అక్కా, ఆ 1 శాతాన్ని నమ్మొద్దు. 17 లక్షల్లో 1 శాతమంటే 17,000. హిమోగ్లోబిన్ అంత పడిపోయినప్పుడు మజ్జ బాగుంటే కొత్త కణాలు లక్ష దాటి రావాలి. న్యూట్రోఫిల్స్ లెక్క కూడా వేయండి: 1,900లో 20 శాతం, 380. న్యూట్రోఫిల్స్ 500 లోపు, ప్లేట్‌లెట్లు 20,000 లోపు, రెటిక్ 20,000 లోపు. మజ్జ ఖాళీగా ఉండి, ఈ మూడింట్లో రెండున్నా తీవ్రమైన అప్లాస్టిక్ అనీమియా (మజ్జ రక్తకణాలు సరిగా తయారుచేయని జబ్బు) అంటారు. మీవాడికి మూడూ ఉన్నాయి. పరీక్ష ఆలస్యం చేయకండి.

నెల్లూరు_శ్రీను:
తొందరపడి ఖాయం చేసుకోకండి అక్కా. మా నాన్నగారికీ మూడూ పడిపోయాయి, ఎంసీవీ 118. చివరికి బీ12 లోపమని తేలింది. స్మియర్‌లో (గాజుపలక మీద రక్తపు చుక్క పరీక్ష) న్యూట్రోఫిల్ కేంద్రకం ఆరు తమ్మెలుగా చీలి కనిపించింది, ఎల్‌డీహెచ్ (కణాలు చితికితే రక్తంలో పెరిగే ఎంజైమ్) బాగా పెరిగింది. ఇంజెక్షన్లు మొదలుపెట్టిన వారంలోనే రెటిక్ ఎగబాకింది. బీ12, ఫోలేట్ చూశారా?

గుంటూరు_అక్క:
రెండూ సరిగ్గానే ఉన్నాయండీ. ప్లేట్‌లెట్లు ఇంత తక్కువుంటే తుంటి ఎముకలో సూది గుచ్చొచ్చా?

స్లైడు_చూసేవాడు:
గుచ్చుతారు. తర్వాత ఆ చోట గట్టిగా అదిమిపట్టి, కాసేపు వెల్లకిలా పడుకోబెడతారు. ఒక్కటి మాత్రం అడగండి: ద్రవం లాగి వదిలేయకుండా ముక్క కూడా, అంటే బయాప్సీ, తీయమనండి. ఖాళీ మజ్జలో లాగితే ఏమీ రాకపోవచ్చు, లేదా అక్కడో ఇక్కడో మిగిలిన కణాల గుంపు తగిలి అంతా బాగుందనిపించవచ్చు. ముక్కలోనే అసలు సంగతి తెలుస్తుంది: కణాలు ఉండాల్సిన చోట కొవ్వు. బ్లాస్టులు (రక్త క్యాన్సర్‌లో పెరిగే ఎదగని కణాలు), ఫైబ్రోసిస్ (మజ్జలో నార పేరుకోవడం) లేవని కూడా అందులోనే నిర్ధారిస్తారు.

సిద్దిపేట_అమ్మ:
మా పాపకు ఇదే వచ్చింది, కానీ మూలం వేరు. ఎత్తు పెరగలేదు, ఒక బొటనవేలు చిన్నది, ఒంటి మీద కాఫీ రంగు మచ్చలు. రక్త నమూనాలో మైటోమైసిన్ అనే మందు కలిపి క్రోమోజోములు విరుగుతున్నాయేమో చూశారు. ఫాంకోని అనీమియా అన్నారు, అంటే పుట్టుకతో వచ్చే జన్యు జబ్బు. పిల్లలకూ కుర్రవాళ్లకూ ఈ పరీక్ష తప్పకుండా అడగండి. ఆ జబ్బున్నవాళ్లు మామూలు మోతాదు కీమో తట్టుకోలేరు, మజ్జ మార్పిడికి మందుల మోతాదు బాగా తగ్గించాలి. మజ్జ ఇచ్చే అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ ముందే అదే పరీక్ష చేయాలి.

వెల్లూరు_వెళ్లొచ్చాం:
అక్కా, మీవాళ్లు రక్తమిస్తామని వరస కడతారు. దయచేసి ఆపండి. రేపు మజ్జ ఇవ్వాల్సి వస్తే ఇంట్లోవాళ్ల రక్తం ముందే ఎక్కి ఉంటే మార్పిడి నిలవకపోయే ప్రమాదం ఎక్కువ. బయటి దాతలది, తెల్లకణాలు వడకట్టి ఇర్రేడియేట్ చేసినదే (రేడియేషన్ పట్టించినదే) అడగండి. ఐరన్ టానిక్కు కూడా వద్దు, ఎక్కించే ప్రతి సంచీతో ఇనుము చేరుతూనే ఉంటుంది. మీకూ తమ్ముడికీ హెచ్‌ఎల్‌ఏ (మజ్జ కలుస్తుందో లేదో చూసే రక్తపరీక్ష) ఇప్పుడే చేయించండి. సొంత తోబుట్టువులు ఒక్కొక్కరికీ పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒకటి. కలిస్తే ఈ వయసులో మొదటి చికిత్స మార్పిడే. కలవకపోతే ఏటీజీ, సైక్లోస్పోరిన్ (రోగనిరోధక శక్తిని అణిచే మందులు), ఎల్‌ట్రోంబోపాగ్ (రక్తకణాల తయారీని పెంచే మందు) కలిపి ఇస్తారు.

స్లైడు_చూసేవాడు:
పీఎన్‌హెచ్‌కి (ఎర్రకణాలు రక్తంలోనే చిట్లిపోయే జబ్బు) ఫ్లో సైటోమెట్రీ పరీక్ష కూడా రాయించుకోండి, చేతి రక్తంతోనే అవుతుంది. జ్వరం 100.4 దాటితే ఇంట్లో పారాసిటమాల్ వేసి చూద్దామనుకోవద్దు. 380 న్యూట్రోఫిల్స్‌తో అది ఎమర్జెన్సీ, అర్ధరాత్రయినా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

గుంటూరు_అక్క:
రేపు పొద్దున్నే బయాప్సీకి ఒప్పుకున్నాం. అమ్మకు ఇవన్నీ చదివి వినిపించాను. నా హెచ్‌ఎల్‌ఏ నమూనా కూడా అక్కడే ఇస్తున్నాను.