వెతికే ప్రతి కాలమ్‌కీ ఇండెక్స్ వేయాలా? బరంపురం చీరల కొట్టు బిల్లింగ్ మీద చర్చ

బరంపురం బిల్లింగ్:
బరంపురంలో ఒక పట్టుచీరల హోల్‌సేల్ కొట్టుకి కంప్యూటర్ పని చూస్తాను. డేటా దాచే సాఫ్ట్‌వేర్ (డేటాబేస్) మైఎస్‌క్యూఎల్ 8.0. బిల్లుల టేబుల్ ఇరవై లక్షల వరుసలకు దగ్గరపడింది. పర్లాకిమిడి, రాయగడ, ఇచ్ఛాపురం వ్యాపారులు అప్పు మీద సరుకు తీసుకెళ్తారు. వాళ్లు వచ్చి కూర్చోగానే పాత బాకీలు తేదీల వారీగా తెర మీదకు రావాలి. ఇప్పుడు అది చాలాసేపు తిరుగుతూనే ఉంటోంది. పెళ్లిళ్ల సీజన్‌లో గల్లా దగ్గర జనం నిలబడితే ఒకటే టెన్షన్. ఫోన్ నంబరు, స్టేటస్, బిల్లు తేదీ, మొత్తం, ఏజెంటు... ఇలా వెతికే ప్రతి కాలమ్‌కీ విడివిడిగా ఇండెక్స్ (టేబుల్ అంతా చదవకుండా వరుసలు దొరికేలా విలువల్ని క్రమంలో పెట్టిన జాబితా) వేసేస్తే పోతుందని ఓనరుగారి బంధువు ఒకాయన గట్టిగా అంటున్నారు. మీరేమంటారు?

గుణుపురం డేటా:
వేసేయండి. ఇండెక్స్‌లు ఎక్కువైతే కొత్త బిల్లు చేర్చిన ప్రతిసారీ అన్నింటినీ సవరించాలి, నిజమే. కానీ మీ కొట్టులో నిమిషానికి ఎన్ని బిల్లులు పడతాయి? ఒకసారి రాసిన బిల్లుని వందసార్లు చదువుతారు. రాతలు నెమ్మదిస్తాయన్న భయం సెకనుకి వేల లావాదేవీలు జరిగే చోట ఉండాలి.

పర్లాకిమిడి మాస్టారు:
రాతల ఖర్చు గురించి మీరన్నది ఒప్పుకుంటాను. నా అభ్యంతరం వేరు. విడివిడి ఇండెక్స్‌లు ఈ క్వెరీకి, అంటే డేటాబేస్‌ని అడిగే ఈ ప్రశ్నకి, పెద్దగా పనికిరావు. అడుగుతున్నది 'ఈ నంబరు, బాకీ ఉన్నవి, తేదీ వరుసలో' అని. మూడు వేరు ఇండెక్స్‌లు ఉంటే మైఎస్‌క్యూఎల్ మామూలుగా ఒకదాన్నే ఎంచుకుంటుంది. మహా అయితే రెండింటి ఫలితాలను కలిపి చూస్తుంది, తర్వాత తేదీల కోసం మళ్లీ సార్టింగ్ చేయాలి. అదే ఫోన్, స్టేటస్, తేదీ ఈ వరుసలో ఒకే ఉమ్మడి ఇండెక్స్ వేస్తే, ఆ వ్యాపారి బాకీ బిల్లులు ఇండెక్స్‌లో పక్కపక్కనే, తేదీ ప్రకారం అమర్చే ఉంటాయి. సార్టింగే అక్కర్లేదు.

వరుస ముఖ్యం. 'సమానం' అని అడిగేవి ముందు, తేదీ చివర. టెలిఫోన్ డైరెక్టరీలో ఇంటిపేరు తెలియకుండా అసలు పేరుతో వెతకలేం కదా, తేదీని ముందు పెడితే అలాగే అవుతుంది. ఇక ఈ ఉమ్మడి ఇండెక్స్ వేశాక ఫోన్ మీద విడిగా ఇంకొకటి ఉంచడం దండగ, ఎడమ చివర ఉన్న కాలమ్‌కి ఇదే సరిపోతుంది.

రాయగడ నుంచి:
ఇండెక్స్‌ల సంగతి తర్వాత. బఫర్ పూల్ (డేటానీ ఇండెక్స్‌లనీ మెమరీలో ఉంచుకునే చోటు) ఎంత పెట్టారు? మైఎస్‌క్యూఎల్‌లో టేబుళ్లని నడిపే ఇన్నోడీబీలో డిఫాల్ట్ 128 ఎంబీ. 16 జీబీ మెషీన్ కొని దాన్ని అలాగే వదిలేసిన కొట్లు మా వైపు చూశాను. అది పెంచితే సగం రోగం కుదురుతుంది.

పర్లాకిమిడి మాస్టారు:
పెంచాల్సిందే. కానీ ఇరవై లక్షల వరుసలు మెమరీలో ఉన్నా ఒక్కొక్కటీ చూడక తప్పదు కదండీ. అందరం మందు చెబుతున్నాం, పరీక్ష ఎవరూ చేయలేదు. క్వెరీని ఎలా నడుపుతుందో చూపించే ఎక్స్‌ప్లెయిన్ కమాండ్ ఏం చెబుతోంది?

బరంపురం బిల్లింగ్:
చూశాను. ఫోన్ మీద ఇండెక్స్ ఇదివరకే ఉంది! వాడదగ్గ ఇండెక్స్‌ల గడిలో దాని పేరు కనిపిస్తోంది, వాడిన ఇండెక్స్ గడి మాత్రం ఖాళీ. టైప్ 'ఆల్', అంటే టేబుల్ మొత్తం చదువుతోంది.

పర్లాకిమిడి మాస్టారు:
ఫోన్ కాలమ్ వార్‌చారా, అంటే అక్షరాల రకమా? ప్రోగ్రామ్ నంబరుని కోట్స్ లేకుండా పంపుతోందా?

బరంపురం బిల్లింగ్:
రెండూ అవును. పాత వెండర్ రాసిన కోడ్ అది.

పర్లాకిమిడి మాస్టారు:
దొరికింది. అక్షరాల కాలమ్‌ని అంకెతో పోలిస్తే మైఎస్‌క్యూఎల్ ఇండెక్స్ వాడలేదు. ముందు సున్నా ఉన్నది, ముందు ఖాళీ ఉన్నది, అన్నీ ఒకే అంకెగా మారతాయి. ఇండెక్స్‌లో అవి వేర్వేరు చోట్ల ఉంటాయి. విలువను స్ట్రింగ్‌గా, అంటే కోట్స్‌లో పెట్టి అక్షరాలుగా, పంపండి. మీ నెలవారీ రిపోర్టులు కూడా చూడండి, తేదీ కాలమ్‌కి ఇయర్ ఫంక్షన్ (తేదీలోంచి సంవత్సరాన్ని తీసేది) తగిలించి ఉంటే అక్కడా ఇదే జబ్బు. '2024-04-01 నుంచి, 2025-04-01కి ముందు' అని రాస్తే తేదీ ఇండెక్స్ పనిచేస్తుంది.

గుణుపురం డేటా:
చూశారా, ఇండెక్స్ ఉండటం వల్ల వచ్చిన నష్టం కాదిది. నా మాట మారదు. రేపు ఓనరు ఏజెంటు వారీగా అడిగితే మళ్లీ మొదలా?

పర్లాకిమిడి మాస్టారు:
అడిగినప్పుడు వేద్దాం. బిల్లు మొత్తం ఉన్న కాలమ్‌కి ఇండెక్స్ ఎందుకు చెప్పండి, 'పన్నెండు వేల రూపాయల బిల్లు చూపించు' అని ఎవరడుగుతారు? అక్కరలేని ఇండెక్స్ కూడా బఫర్ పూల్‌లో చోటు తింటుంది. పైగా తర్వాత వచ్చినవాడు దాన్ని చూసి, ఎందుకుందో తెలియక, తీసేయడానికి జంకుతాడు.

రాయగడ నుంచి:
తీసేసే ముందు ఇండెక్స్‌ని ఇన్విజిబుల్ చేసి (అది ఉన్నా క్వెరీలు వాడకుండా దాచి) చూడండి, 8.0లో ఆ సదుపాయం ఉంది. వాడని ఇండెక్స్‌ల జాబితాని మైఎస్‌క్యూఎల్‌తోనే వచ్చే సిస్ స్కీమా ఇస్తుంది. ఆ లెక్క మాత్రం సర్వర్ ఆన్ చేసినప్పటి నుంచే. కొట్టు మూసేటప్పుడు రోజూ సర్వర్ ఆపేస్తే ఆ జాబితాని నమ్మకండి, మార్చి నెల రిపోర్టుకి మాత్రమే కావలసిన ఇండెక్స్ కూడా అందులో పనికిరానిదిగా కనిపిస్తుంది.

బరంపురం బిల్లింగ్:
స్ట్రింగ్‌గా మార్చి, మాస్టారు చెప్పిన ఉమ్మడి ఇండెక్స్ వేశాను. బాకీల స్క్రీన్ వెంటనే వస్తోంది. ఇప్పుడు పేరుతో వెతకడం మిగిలింది. అది ముందూ వెనకా శాతం గుర్తులు ('ఇక్కడ ఏమున్నా సరే' అని అర్థం) పెట్టిన లైక్ వెతుకులాట. ముందున్న శాతం తీసేయమంటారని తెలుసు, కానీ ఇక్కడ కుదరదు. తెలుగు వ్యాపారులకి ఇంటిపేరు ముందుంటుంది, ఒడియావాళ్లకి చివర. గుమాస్తా ఇంటిపేరే టైప్ చేస్తాడు.

గుణుపురం డేటా:
ఎన్‌గ్రామ్ పార్సర్‌తో ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ (పాఠంలోని ముక్కలతో వెతికే రకం) వేయండి. పేరుని రెండేసి అక్షరాల ముక్కలుగా నిల్వ చేస్తుంది, మధ్యలో ఉన్నా పట్టుకుంటుంది.

పర్లాకిమిడి మాస్టారు:
పెద్ద వ్యాసాలకైతే సరే. పేర్లకి నేనైతే చిన్న టేబుల్ పెడతాను. పేరులోని ఒక్కో మాటకి ఒక్కో వరుస, పక్కన కస్టమర్ ఐడీ, మాట మీద మామూలు ఇండెక్స్. ఇంటిపేరు ఎటున్నా వెనక శాతం మాత్రమే పెట్టిన లైక్‌తో దొరుకుతుంది. ఒకే మనిషిని ఒక గుమాస్తా తెలుగులో, ఇంకొకరు ఒడియాలో, మరొకరు ఇంగ్లిష్‌లో ఎక్కించి ఉంటారు. ఆ మూడు రూపాలూ అదే ఐడీకి చేర్చొచ్చు. ఎన్‌గ్రామ్ ఆ పని చేయదు.

గుణుపురం డేటా:
ఆ మూడు రూపాలు ఎవరు ఎక్కిస్తారు? పాత కస్టమర్లందరికీ కూర్చుని టైప్ చేయాలి. ఎన్‌గ్రామ్ ఈ సాయంత్రమే అయిపోతుంది.

బరంపురం బిల్లింగ్:
మాటల టేబుల్ వైపే మొగ్గుతున్నాను. బాకీ ఉన్నవాళ్ల పేర్లు ముందు ఎక్కిస్తాం, మిగతావాళ్లు కొట్టుకి వచ్చినప్పుడు గుమాస్తా అప్పటికప్పుడు చేరుస్తాడు. పేరు మార్చినప్పుడు ఆ టేబుల్ కూడా మారాలంటే ట్రిగ్గర్ (వరుస మారగానే డేటాబేసే నడిపే కోడ్) పెట్టాలా, ప్రోగ్రామ్‌లోనే రాయాలా?