చ్వాన్‌జౌ వెస్ట్ స్ట్రీట్: కైయువాన్ ఆలయంలో నరసింహస్వామి బొమ్మ ఎక్కడుంది?

మజిలీ
చైనాలోని షియామెన్ నుంచి ఒక్కరోజు చ్వాన్‌జౌ వెళ్లొద్దామని. పాత ఊళ్లో వెస్ట్ స్ట్రీట్, ఆ వీధిలోని కైయువాన్ బౌద్ధాలయం చూడాలి. అక్కడ నరసింహుడు, కృష్ణుడు చెక్కిన రాళ్లున్నాయని చదివాను. ఆలయం పెద్దదట, ఏ మూల వెతకాలి? ఇంకో సంగతి: అది మోటుపల్లి నుంచి వెళ్లిన తెలుగు వర్తకులు కట్టిన గుడి అని వాట్సాప్‌లో తిరుగుతోంది. అందులో నిజమెంత?

రాతిపలక
చాలామంది చూడకుండానే తిరిగొచ్చేస్తారు. కారణం ఒక్కటే, ముందు వైపు వెతకడం. దక్షిణపు ద్వారంలోంచి లోపలికెళ్తే మర్రిచెట్ల ఆవరణ, దాని చివర ఎత్తైన రాతి తిన్నె, తిన్నె మీద మహావీర మందిరం (జైన మహావీరుడిది కాదు, బుద్ధుడి ప్రధాన మందిరం). అక్కడ దండం పెట్టుకుని జనం వెనుదిరుగుతారు. మీరు మాత్రం మందిరం చుట్టూ తిరిగి వెనక వరండాలోకి వెళ్లండి. మధ్యలో పదహారు పలకల స్తంభాలు రెండున్నాయి. మిగతావి తెల్లటి స్థానిక గ్రానైటు, ఇవి ముదురు ఆకుపచ్చ బూడిద రంగు. దూరం నుంచే తేడా తెలుస్తుంది. స్తంభం పొడవునా అక్కడక్కడ చదరపు దిమ్మెలు, దిమ్మె ప్రతి ముఖానా గుండ్రటి చట్రంలో ఒక్కో బొమ్మ. హిరణ్యకశిపుణ్ణి ఒళ్లో వేసుకుని చీల్చే నరసింహుడు, చీరలు పట్టుకుని చెట్టెక్కిన కృష్ణుడు, గజేంద్రమోక్షం... మనకెవరూ విడమరచి చెప్పక్కర్లేదు. అన్నీ మన పురాణాలే అనుకోకండి, కొన్ని చట్రాల్లో చైనా అలంకారాలే ఉన్నాయి.

ఆ వరండా ఉత్తరముఖం కాబట్టి దాదాపు రోజంతా నీడే. ఫ్లాష్ వేస్తే చెక్కడం చదునుగా పడుతుంది. పక్క నుంచి, కాస్త ఏటవాలుగా తీయండి. పై వరస బొమ్మలకు జూమ్ తప్పదు.

వచ్చేటప్పుడు ముందు తిన్నె అడుగు వరస చూడండి. మనిషి ముఖం, సింహం ఒళ్లు ఉన్న పలకలు డెబ్బైకి పైగా ఉంటాయి. అవీ, వెనక స్తంభాలూ ఒకప్పుడు ఈ ఊళ్లో ఉన్న పాత శివాలయం సొత్తే. మింగ్ రాజవంశ కాలపు మరమ్మతుల్లో ఇక్కడికి చేర్చారు. అంటే మీరు చూసేది గుడి కాదు, ఒక గుడి విడిభాగాలు.

శాసనాల_సంచి
మోటుపల్లి కథకు ఆధారం లేదు. చ్వాన్‌జౌలో 1956లో దొరికిన శాసనం తమిళంలో ఉంది, చివర చైనా లిపిలో ఒక వరుస. శకం 1203, చైత్రం, అంటే 1281 ఏప్రిల్. సంబంధ పెరుమాళ్ అనే ఆయన శివుణ్ణి ప్రతిష్ఠించినట్టు ఉంది. అప్పుడు ఏలుతున్నది కుబ్లాయ్ ఖాన్. స్తంభాల పనితనం కూడా చోళ సంప్రదాయానిదే. కాకతీయుల గుళ్లలో నున్నగా తిప్పినట్టుండే స్తంభాల తీరు ఇక్కడ కనిపించదు.

మోటుపల్లికి సంబంధమే లేదనీ కాదు. మార్కో పోలో రెండు రేవుల గురించీ రాశాడు, చ్వాన్‌జౌను జైతూన్ అని, మోటుపల్లిని ముత్‌ఫిలి అని. గణపతిదేవుడి 1244 నాటి అభయశాసనంలో సుంకాలు కట్టాల్సిన సరుకుల్లో గంధం, కర్పూరం, మిరియాలు ఉన్నాయి. చ్వాన్‌జౌ రేవులో మునిగిన సాంగ్ రాజవంశ కాలపు ఓడలోనూ గంధం, మిరియాలు దొరికాయి. ఒకే వ్యాపార దారి మీది ఊళ్లు, అంతవరకే. అక్కడ గుడి కట్టింది తెలుగువాళ్లని చెప్పే రాయి ఒక్కటీ బయటపడలేదు.

1357 నుంచి 1366 దాకా ఊళ్లో పెద్ద తిరుగుబాటు నడిచింది. విదేశీ వర్తకులు చెదిరిపోయారు. గుడి రాళ్లు చాలావరకు నగర ప్రాకారంలో, గోడల్లో కలిసిపోయాయి. 20వ శతాబ్దంలో ప్రాకారం కూలగొడుతుంటే ఊ వెన్‌ల్యాంగ్ అనే బడిపంతులు వాటిని ఏరి దాచకపోతే ఇవాళ ఇంత చర్చకు తావే లేదు.

రైలుబండి
స్టేషన్ దగ్గర జాగ్రత్త. టికెట్ "చ్వాన్‌జౌ" స్టేషన్‌కే తీసుకోండి, పాత ఊరికి దగ్గరది అదే. 2023 సెప్టెంబరులో కొత్త లైను తెరిచాక చ్వాన్‌జౌ ఈస్ట్, చ్వాన్‌జౌ సౌత్ కూడా వచ్చాయి. పేరు చూసి అక్కడ దిగితే టాక్సీకే బోలెడు టైము పోతుంది. షియామెన్ నార్త్ నుంచి ప్రయాణం సుమారు అరగంట. గూగుల్ మ్యాప్స్‌ను నమ్ముకోకండి, ఆమ్యాప్ అనే చైనా మ్యాప్ యాప్ పెట్టుకోండి. ఆలయం పేరు చైనా లిపిలో ఫోన్‌లో ఉంటే డ్రైవరుకు చూపించొచ్చు. అలీపే అనే చెల్లింపుల యాప్‌లో కార్డు ముందే కలిపేసుకోండి.

ఆలయంలోని జంట రాతి గోపురాలకూ టైము ఉంచుకోండి. తూర్పుది సుమారు 48 మీటర్లు, పడమటిది కాస్త పొట్టి. రెండూ 13వ శతాబ్దంలో కట్టినవి, 1604 భూకంపానికీ నిలిచాయి. పడమటి గోపురం నాలుగో అంతస్తులో కత్తి పట్టిన కోతి ముఖం వీరుడున్నాడు. హనుమంతుడి ఛాయ అనేవాళ్లున్నారు, చైనా కథల్లోని కోతిరాజు సున్ వుకోంగ్‌కు తొలి రూపం అనేవాళ్లున్నారు. తేలని వాదం అది. కింద నుంచే చూడాలి, చుట్టూ ఓ ప్రదక్షిణ చేస్తే కనిపిస్తాడు.

మజిలీ
అందరికీ థాంక్స్. లింగానికి పూజ చేసే ఏనుగు పలక కూడా ఈ ఆలయంలోనే ఉందా?

రాతిపలక
లేదు, అది మారిటైమ్ మ్యూజియంలో, మత శిలల విభాగంలో ఉంది. మనకు చూడగానే శ్రీకాళహస్తి గుర్తొస్తుంది గానీ ఆ తమిళ వర్తకులకు మనసులో మెదిలింది తమిళనాడులోని తిరువానైక్కా (జంబుకేశ్వరం) అయ్యుంటుంది. చైనాలో చాలా మ్యూజియాలకు సోమవారం సెలవు, ఆ రోజు పెట్టుకోకండి.

ఇందాకటి ఓడ మాత్రం ఆలయం ఆవరణలోనే, తూర్పు వైపు ప్రదర్శనశాలలో ఉంది. 1974లో తవ్వి తీశారు, మిగిలిన పొడవు 24 మీటర్లు, అడుగున 13 గదులు. గదుల మధ్య చెక్క గోడలు ఇప్పటికీ ఉన్నాయి. ఒక గదిలోకి నీళ్లొస్తే పక్కదానికి పాకకుండా చేసిన ఏర్పాటు అది. స్తంభాలు, ఓడ, గోపురాలు పొద్దున ముగించి, మధ్యాహ్నం క్లాక్ టవర్ మీదుగా 1009 నాటి చింగ్‌జింగ్ మసీదుకు నడవండి, ఓ అరగంట పడుతుంది. మ్యూజియం నడిచే దూరం కాదు, అక్కడికి టాక్సీయే.