కుకీ వద్దనే బటన్ పెట్టాలా, అక్కర్లేదా?

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం): మాది పొందూరు ఖద్దరు అమ్మే చిన్న సైట్. పంచె చూసి కొనకుండా వెళ్లినవాళ్లకు వేరే సైట్లలో మళ్లీ మా యాడ్ కనబడేలా ట్రాకింగ్ కుకీ (చూసేవాళ్ల బ్రౌజర్లో దాచే చిన్న గుర్తు ఫైలు) పెట్టాం. పేజీ కింద ‘ఒప్పుకుంటున్నాను’ బటన్ ఒక్కటే ఉంటుంది. ‘వద్దు అనేది ఏదండీ?’ అని ఒక కస్టమర్ మెయిల్ పెట్టారు. పెడితే ఇంకెవరు ఒప్పుకుంటారు?

కోట_బొమ్మాళి_కుర్రోడు: ఏటండీ, దీనికింత టెన్షన్? ఆధార్ కార్డే జెరాక్స్ షాపులో మర్చిపోయి వచ్చే జనం మనం. పంచె చూశారని తెలిస్తే కొంపలేం మునిగిపోవు. కొట్టువాడు వచ్చినవాళ్లను గుర్తుపెట్టుకోడా?

మూడు_లాంతర్లు (విజయనగరం): గుర్తుపెట్టుకుంటాడు, కానీ వెనకాలే బయల్దేరి మనం వెళ్లే ప్రతి కొట్టులోకీ రాడు. పంచె సంగతి వదిలేయండి, మా నెట్ సెంటర్‌కు రండి. ఒకామె గర్భసంచి ఆపరేషన్ గురించి వెతుక్కుని వెళ్లింది. అదే కంప్యూటర్లో డీఎస్సీ హాల్ టికెట్ కోసం కూర్చున్న కుర్రాడికి పక్కనంతా ఆ ఆపరేషన్ యాడ్లే. ఇద్దరిదీ ఒకే వీధి. అప్పట్నుంచి ఎవరొచ్చినా ఇన్‌కాగ్నిటోలోనే, అంటే మూసేయగానే కుకీలు చెరిగిపోయే విండోలోనే, తెరిచి ఇస్తున్నాను.

1994లో నెట్‌స్కేప్ అనే బ్రౌజర్ కంపెనీలో లూ మాంటుల్లి అనే ఇంజనీరు కుకీని తెచ్చిందే బుట్టలో వేసిన సరుకు సైట్‌కు గుర్తుండటానికి. ఆ కుకీ ఉంచుకోండి, ఎవరికీ పేచీ లేదు. మీ పేజీలో యాడ్ కంపెనీ కోడ్ ముక్క ఉంది చూడండి, అదే ముక్క వేరే సైట్లలోనూ ఉండి అన్నిచోట్లా ఒకే ఐడీ చదువుతుంది. తగువంతా దానితోనే.

నాగావళి_ఒడ్డు: నిజమే. కానీ పెద్ద కంపెనీలకు లాగిన్లుంటాయి, కుకీ లేకపోయినా మనిషిని పట్టేస్తాయి. దెబ్బ తినేది మేమే. వాలుగ చేప దవడతో పత్తి ఏకి, చేత్తో వడికి నేసిన గుడ్డ అని ఒక్కసారి చూపిస్తే ఎవరికి ఎక్కుతుంది?

జంఝావతి: మీ కష్టం కాదనను. ఒక్క బటనే పెట్టి సమ్మతి అనడం మాత్రం దబాయింపే. ఒప్పుకోవడం ఒక్క నొక్కులో పెట్టి, వద్దనడానికి చాలా నొక్కులు పెట్టారని ఫ్రాన్స్‌లో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్లు జరిమానా పడింది, 2022 జనవరిలో. మన 2023 డేటా రక్షణ చట్టంలో కుకీ అన్న పేరే లేదు గానీ, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చింది కావాలని, ఇచ్చినంత తేలిగ్గా వెనక్కి తీసుకోనివ్వాలని ఉంది. అడిగేది తెలుగులో చదువుకునే వీలూ ఉండాలి. మీ నోటీసు ఇంగ్లీషులోనే ఉందిగా?

నాగావళి_ఒడ్డు: అవును. తెలుగులో రాయించి ‘వద్దు’ కూడా పక్కనే పెడతాను. యాడ్ కుకీ మాత్రం తీయను.

కోట_బొమ్మాళి_కుర్రోడు: ఎంతమంది వద్దన్నారో ఇక్కడే చెప్పండి, చూద్దాం.