కోడ్‌షేర్ టికెట్: అమ్మేది ఒకరు, నడిపేది ఇంకొకరు

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అందరికీ నమస్కారం. మాది హనుమకొండ. ఉద్యోగం మీద డాలస్ వచ్చి ఎంతో కాలం కాలేదు. అమ్మానాన్న మొదటిసారి విమానం ఎక్కబోతున్నారు. హైదరాబాద్ నుంచి యూరప్ మీదుగా వస్తారు. టికెట్లు ఒక అమెరికా సంస్థ సైటులో కొన్నాను. విమానం నడిపేది మాత్రం వేరే సంస్థ. కొన్నచోట సీట్లు ఎంచుకునే వీలే కనిపించడం లేదు. నడిపే సంస్థ సైటులో పీఎన్‌ఆర్ కొడితే అలాంటి బుకింగే లేదంటోంది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, నడవా పక్కన సీటు కావాలి. ఇద్దరికీ ఇంగ్లిష్ రాదు. అసలు ఈ టికెట్లు చెల్లుతాయా అని నిద్ర పట్టడం లేదు. పెద్దలు దారి చెప్పగలరు.

న్యూజెర్సీ నుంచి, కాజీపేట అక్క:

తమ్ముడూ, ముందు నీ నిద్ర సంగతి. మెయిల్లో వచ్చిన రసీదులో 13 అంకెల ఈ-టికెట్ నంబరు ఉందో లేదో చూడు. ఉంటే టికెట్ పుట్టినట్టే. మొదటి మూడంకెలు టికెట్ ఇచ్చిన సంస్థవి: 016 అయితే యునైటెడ్, 220 అయితే లుఫ్తాన్సా, 098 అయితే ఎయిర్ ఇండియా. పీఎన్‌ఆర్ మాత్రమే ఉండి ఈ నంబరు లేకపోతే అప్పుడు భయపడు, ఆ రోజే అమ్మినవాళ్లకు ఫోన్ చెయ్యి.

ఇక బుకింగ్ దొరక్కపోవడం. ఒక్కో సంస్థ కంప్యూటర్‌లో నీ ప్రయాణం విడిగా నమోదవుతుంది, ఒక్కోచోట ఒక్కో ఆరక్షరాల పీఎన్‌ఆర్ ఉంటుంది. నీ చేతిలో ఉన్నది అమ్మినవాళ్లది. దాన్ని తీసుకెళ్లి నడిపేవాళ్ల సైటులో కొడితే లేదనే అంటుంది. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, విమానం నడిపే సంస్థ దగ్గరున్న పీఎన్‌ఆర్ కావాలని అడుగు. ఊరికే పీఎన్‌ఆర్ అంటే మళ్లీ నీకు తెలిసిందే చదివి వినిపిస్తారు. కొన్ని సైట్లు ఈ-టికెట్ నంబరుతోనూ తెరుచుకుంటాయి, అదీ ప్రయత్నించు.

పీఎన్‌ఆర్ సరిగ్గా ఉన్నా సైటు తెరుచుకోకపోతే పేరు చూడు. మన పెద్దవాళ్ల పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా రెండో గడిలో ఉండటం మామూలే. అలాంటప్పుడు టికెట్ మీద అదే పేరు రెండుసార్లు పడవచ్చు, లేదా ఎఫ్ఎన్‌యూ (మొదటి పేరు తెలియదని అర్థం) అనే మూడక్షరాలు చేరవచ్చు. సైటు ఇంటిపేరు అడిగితే టికెట్ మీద ఆ స్థానంలో ఏముందో అదే కొట్టు. పేరు చివర ఎంఆర్ అతుక్కుని కనిపిస్తే అది మిస్టరే, దాని కోసం గంటసేపు ఫోన్లో వేచి ఉండనక్కరలేదు. అక్షరాలే తప్పు పడితే మాత్రం వెంటనే దిద్దించు. దిద్దాల్సింది టికెట్ ఇచ్చినవాళ్లే.

సీట్లు నడిపే సంస్థ సైటులోనే తీసుకో, డబ్బు కట్టాల్సి వస్తే అక్కడే కట్టు. అమ్మినచోట కడితే రసీదు వస్తుంది కానీ సీటు అవతలి కంప్యూటర్‌కు చేరిందన్న భరోసా లేదు. అవతల సీటు నంబరు కళ్లారా చూసేదాకా నమ్మకు. మధ్యలో వేరే రకం విమానం వేస్తే తీసుకున్న సీట్లు కూడా చెదిరిపోతాయి, వారం ముందు మరోసారి చూసుకో.

డబ్బు కట్టకుండా తీసుకోవాలంటే చెక్-ఇన్ తెరవగానే కూర్చోవాలి. చాలా సంస్థలు 24 గంటల ముందు తెరుస్తాయి, కొన్ని 48 గంటల ముందు. లెక్క హైదరాబాద్ గడియారం ప్రకారం. విమానం అక్కడ ఆదివారం తెల్లవారుజామున రెండింటికి ఉందనుకో. చెక్-ఇన్ తెరిచేది శనివారం అదే వేళకు. వేసవిలో డాలస్‌లో అప్పుడు శుక్రవారం మధ్యాహ్నం మూడున్నర, నువ్వు ఆఫీసులో ఉంటావు! శనివారం తీరిగ్గా చూద్దామనుకుంటే అమ్మ ఒక వరుసలో, నాన్న ఇంకో వరుసలో.

మోకాళ్ల నొప్పులంటున్నావు కాబట్టి వీల్‌చెయిర్ అడుగు. యూరప్ నిబంధనల ప్రకారం కనీసం 48 గంటల ముందు చెప్పాలి, రుసుము ఉండదు. ఇదీ నడిపే సంస్థ దగ్గర నమోదవ్వాలి. మధ్యలో విమానం మారేచోట వీల్‌చెయిర్ మనిషే తీసుకెళ్లి గేటు దగ్గర దించుతాడు కాబట్టి భాష బెంగ సగం తీరుతుంది. బాగా నడవగలిగేవాళ్లు కూడా ఇంగ్లిష్ రాదని వీల్‌చెయిర్ అడగడం నాకు నచ్చదు. నిజంగా అవసరమైనవాళ్లు వరుసలో కూర్చుని ఎదురుచూస్తుంటారు. నాన్న ఎలాగూ పక్కనే నడుస్తారు. శాకాహారమైతే భోజనానికి ఏవీఎంఎల్ (మన తరహా శాకాహారానికి విమాన సంస్థలు వాడే కోడ్) అని అదే ఫోన్లో చెప్పెయ్యి.

ఆన్‌లైన్ చెక్-ఇన్ చివరి మెట్టులో ఆగిపోయి కౌంటర్‌కు రమ్మంటే గాభరా పడకు. అమెరికా వీసాలు కళ్లతో చూసి పంపడం వాళ్ల బాధ్యత. సీటు నంబరు పడిందా లేదా అన్నదే ముఖ్యం.

అసలు చిక్కు శంషాబాద్‌లో. నాన్న చేతిలోని కాగితం మీద అమెరికా సంస్థ పేరు పెద్దగా ఉంటుంది. అమెరికా సంస్థలేవీ అక్కడి నుంచి విమానాలు నడపవు. ఆ పేరుతో కౌంటర్ కోసం హాలంతా తిరిగి ఆయన అలిసిపోతారు. టికెట్‌ను హనుమకొండలోనే జిరాక్స్ షాపులో రెండు ప్రతులు తీయించమను. పైన నడిపే సంస్థ పేరు, దాని సొంత విమానం నంబరు స్కెచ్‌పెన్నుతో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాయించు. తెర మీద ఒకే విమానానికి రెండు మూడు నంబర్లు మారుతూ కనిపిస్తాయని ముందే చెప్పు. వరంగల్ పక్కన మామునూరు నుంచి విమానాలు ఎగిరే రోజు వచ్చేదాకా మనకు శంషాబాదే గతి కాబట్టి, ఘట్‌కేసర్ దగ్గర రింగు రోడ్డు ఎక్కేదాకా పట్టే సమయం కూడా లెక్కవేసుకుని బయల్దేరమను.

సామాను సంగతి క్లుప్తంగా: అమెరికాలో దిగిన మొదటి ఊరి నుంచి ఇంకో విమానం ఎక్కాల్సి ఉంటే, సాధారణంగా అక్కడ పెట్టెలు తీసుకుని మళ్లీ అప్పగించాలి. ఇది నాన్నకు ఒకటికి రెండుసార్లు చెప్పు.

షికాగో నుంచి, ఒక సభ్యుడు:

అక్క చెప్పినదానికి ఒక మినహాయింపు. అమెరికా లోపలి చిన్న విమానాలకు ఈ సూత్రం తిరగబడుతుంది. స్కైవెస్ట్ నడిపే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ అని ఉంటే చెక్-ఇన్ యునైటెడ్‌లోనే. మన ఆర్టీసీ అద్దె బస్సు లాగా, బస్సు ఎవరిదైనా టికెట్ కొట్టేది ఆర్టీసీయే.

ఇంకొకటి. ప్రయాణానికి వారాల ముందు వేళలు మారితే అమ్మినవాళ్లను పట్టుకోవాలి, ప్రయాణం రోజు ఆలస్యమైతే నడిపేవాళ్లను. యూరప్‌లో విమానం రద్దయినా బాగా ఆలస్యమైనా పరిహారానికి 261/2004 నిబంధన ఉంది, అది వర్తించినప్పుడు ఇవ్వాల్సింది నడిపే సంస్థే.

డాలస్ నుంచి, కొత్త సభ్యుడు:

అక్కా, అన్నా, ధన్యవాదాలు. రసీదులో 13 అంకెల నంబరు ఉంది. ఫోన్ చేస్తే రెండో పీఎన్‌ఆర్ ఇచ్చారు, సైటు తెరుచుకుంది. నడవాకు ఇటొకటి అటొకటి సీట్లు దొరికాయి. వీల్‌చెయిర్ కూడా నమోదైంది.

న్యూజెర్సీ నుంచి, కాజీపేట అక్క:

మంచిది. తిరుగు ప్రయాణం కూడా ఇప్పుడే తెరిచి చూడు. వెళ్లేటప్పుడు నడిపేది మరో సంస్థ అయితే మూడో పీఎన్‌ఆర్ ఉంటుంది, ఆ సీట్లు విడిగా తీసుకోవాలి.