బుడగ పేల్చి కట్టిన గుడిలో పాట: ఇది సంగీతమా, ల్యాబ్ విద్యా?

తంబూరశ్రుతి (చర్చ మొదలుపెట్టినవారు)

ఈ మధ్య ఒక ఆల్బమ్ విన్నాను. అప్పట్నుంచీ నాతో నాకే తగువు. అందుకే తెచ్చి ఇక్కడ పడేస్తున్నా.

తెలియనివాళ్ల కోసం సంగతి ఇది. ఇస్తాంబుల్‌లో హగియా సోఫియా ఉంది కదా, 537లో పూర్తయిన చర్చి. తర్వాత మసీదైంది, 1935లో మ్యూజియమైంది, 2020లో మళ్లీ మసీదైంది. లోపల ఒక స్వరం పాడి ఆపితే ఆ నాదం అణగడానికి దాదాపు 11 సెకన్లు పడుతుంది. మ్యూజియంగా ఉన్న రోజుల్లో అక్కడ పాడనిచ్చేవారు కాదు. స్టాన్‌ఫర్డ్‌లో కళాచరిత్ర చెప్పే బిస్సెరా పెంచేవా 2010లో అనుమతి సంపాదించి, లోపల నాలుగు బుడగలు (బెలూన్లు) పేల్పించి, ఆ చప్పుడు రికార్డు చేయించారు. అదే యూనివర్సిటీలో సీసీఆర్‌ఎంఏ అనే సంగీత పరిశోధన కేంద్రం ఉంది (వాళ్లు దాన్ని ‘కర్మ’ అనే పలుకుతారు, ఒట్టు). అక్కడి జోనథన్ ఏబెల్ ఆ నాలుగు చప్పుళ్ల నుంచి ఆ కట్టడం శబ్దానికి ఎలా బదులిస్తుందో లెక్కగట్టారు. పోర్ట్‌లాండ్‌కు చెందిన కపెల్లా రొమానా బృందం కాలిఫోర్నియాలోని బింగ్ హాల్లో నిలబడి, ఆ ‘గుడి’లో బైజాంటైన్ (ఆ చర్చి కట్టించిన సామ్రాజ్యం నాటి) కీర్తనలు పాడింది. 2019లో ‘లాస్ట్ వాయిసెస్ ఆఫ్ హగియా సోఫియా’ (హగియా సోఫియాలో పోయిన గొంతులు) అనే ఆ ఆల్బమ్ వచ్చింది.

వినడానికి ఒళ్లు జలదరిస్తుంది, కాదనను. కానీ గొంతు ఒక ఊళ్లోది, గుమ్మటం ఇంకో ఊళ్లోది. దీన్ని కచేరీ అనాలా, ట్రిక్ ఫోటోగ్రఫీ అనాలా? రేపు ఎవరో పంచరత్నాలు ఏసీ స్టూడియోలో పాడి, ‘తిరువయ్యూరు కావేరి ఒడ్డు’ అనే మీట నొక్కి అమ్మితే చప్పట్లు కొడదామా?

మైక్‌సెట్టోళ్ల పిల్లగాడు

అన్నా, మా నాయన ముప్పై ఏండ్లు మైక్‌సెట్ నడిపిండు. భజన గానీ ఒగ్గుకథ గానీ, పాడేటాయన స్టేజి ఎక్కంగనే మొదటి మాట ఒక్కటే: “జర ఎకో పెంచు.” అది లేకుంటే గొంతు లేవదంటడు. మీరు ట్రిక్కు అంటున్నది మా ఊళ్లె ప్రతి శివరాత్రికి ఉంటది.

నాకు పరేషాన్ అయింది వేరే ముచ్చట. హాల్ల స్పీకర్లు పెట్టి పదకొండు సెకన్ల గూంజు ఇడిస్తే, అది మళ్లీ మైకుల పడతది, దానికి మళ్లీ గూంజు వస్తది, ఇగ కుయ్యిమని కూత! రెండు సెకన్ల ఎకోకే మా నాయన చెమటలు కక్కేటోడు. వీళ్లెట్ల ఆపిండ్రు?

బే ఏరియా శ్రోత

తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. నేను ఆడియో సిగ్నల్స్ పనిలోనే ఉన్నాను కాబట్టి కాస్త సాగదీస్తాను, ఓర్చుకోండి.

బుడగ పేలడం ఒక్క క్షణం. దానికి గోడలు, స్తంభాలు, గుమ్మటం ఇచ్చే జవాబు 11 సెకన్లు. ఏ పాటనైనా సన్న సన్న చప్పుళ్ల వరుసగా విడగొట్టొచ్చు. ఒక్కో చప్పుడుకూ ఆ జవాబు తగిలించి అన్నీ కూడితే, ఆ పాట అక్కడ పాడినట్టే వినిపిస్తుంది. అయితే బుడగ మంద్ర స్థాయినీ తార స్థాయినీ సమానంగా పలికించదు. అందుకని ఏబెల్ ఆ రికార్డింగును ఉన్నదున్నట్టు వాడకుండా, సరిచేసి మళ్లీ నిర్మించారు.

ఇక కూత సంగతి. మైకులు గాయకుల నోటికి బాగా దగ్గరగా పెడతారు. అది మీ నాన్నగారికి తెలిసిన విద్యే. అది చాలకపోతే ఇంకోటుంది: స్పీకర్లలోకి ఏం పంపామో కంప్యూటర్‌కు తెలుసు. మైకులో తిరిగొచ్చిన దాంట్లోంచి ఆ వాటాను లెక్కతో తీసేస్తుంది.

తంబూరశ్రుతి గారూ, ఇది పాడింతర్వాత పూసిన రంగు కాదండీ. ముందు ల్యాబ్‌లో చేసిన రికార్డింగులకు గాయకులు ఇయర్‌ఫోన్లలో ఆ గుడిని వింటూ పాడారు. బింగ్ హాల్లో 2013 నుంచి చేసిన కచేరీల్లో చుట్టూ స్పీకర్లలోంచి వింటూ పాడారు. నాదం 11 సెకన్లు నిలిచే చోట ద్రుతంలో పాడితే ముందు స్వరం తర్వాతి స్వరాన్ని మింగేస్తుంది. కాబట్టి పాడేవాడు నిదానించాలి, ఎక్కడ ఆగాలో గోడను అడగాలి. మీ కావేరి మీటకు గాయకుడితో పనే లేదు. తేడా అక్కడుంది.

మృదంగం మాస్టారు

బాబూ, లెక్కలు బాగున్నాయి. నా పేచీ వేరు. ఇలాంటి జోడు పనుల్లో పేరు ఎవరికి పోతుంది?

ఇక్కడి నుంచే మొదలెడతా. 1920లో సి.వి. రామన్ గారు, శివకాళి కుమార్‌తో కలిసి, మన తోలు వాద్యాల మీద ‘నేచర్’ పత్రికలో రాశారు. మామూలు డోలు తోలు బెసుకు స్వరాలిస్తుంది. మన మృదంగం, తబలా మీద ఆ నల్ల ముద్ద వేయడం వల్ల పై స్వరాలు తీగ వాద్యంలో లాగా వరుసలో కూర్చుంటాయని చూపించారు. గొప్ప పనే. కానీ ఆ ముద్దను పొర మీద పొరగా రుద్ది, తట్టి, విని, మళ్లీ రుద్ది శ్రుతికి తెచ్చిన చేతులు తరతరాలవి. ఆ చేతుల పేర్లు ఏ పత్రికలో ఉన్నాయి?

ఇప్పుడు అటు తిప్పి చూడండి. పారిస్‌లోని ఇర్కామ్ అనే సంగీత పరిశోధన కేంద్రంలో స్వరకర్త పియెర్ బూలేజ్ ‘రెపాన్’ అనే కృతి చేశారు, 1981లో జర్మనీలోని డోనౌఎషింగెన్‌లో మొదటి కచేరీ. మధ్యలో వాద్యబృందం, దాని చుట్టూ శ్రోతలు, శ్రోతల చుట్టూ ఆరుగురు సోలో వాద్యకారులు, స్పీకర్లు. ఆ ఆరుగురి నాదాన్ని అప్పటికప్పుడు మార్చి హాలంతా తిప్పింది 4ఎక్స్ అనే యంత్రం. దాన్ని చేసింది జుసెప్పె డి జున్యో, భౌతికశాస్త్రవేత్త. దాన్ని ఆ కృతికి నడిపించింది ఆండ్రూ గెర్జో. రసికుల్ని అడగండి, ‘బూలేజ్ కృతి’ అంటారు. అక్కడ కళాకారుడు శాస్త్రవేత్తను మింగాడు, ఇక్కడ శాస్త్రవేత్త చేతిపనివాణ్ణి మింగాడు. ‘కలిసి పనిచేశారు’ అనే మాట వినగానే నేను ముందు అట్ట మీద పేర్లు చూస్తాను.

బే ఏరియా శ్రోత

మాస్టారూ, ఒప్పుకుంటాను. చిన్న సవరణ మాత్రం: 1988లో ‘సైంటిఫిక్ అమెరికన్’లో ఈ పని మీద వచ్చిన వ్యాసానికి బూలేజ్, గెర్జో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయితే అది వ్యాసం, స్వరలిపి కాదు. మీ మాటే నిలిచింది.

రెండు పనులూ ఒకే మనిషి చేస్తే ఈ పేచీ ఉండదు. ‘కర్మ’ స్థాపకుల్లో ఒకరైన జాన్ చౌనింగ్ అలాంటివాడు. మొదట తాళవాద్యకారుడు, స్వరకర్త. శబ్దాన్ని స్పీకర్ల మధ్య గాల్లో నడిపించాలనే పంతంతో కంప్యూటర్ దగ్గర కూర్చున్నాడు. ఆ దారిలోనే 1967లో ఎఫ్‌ఎం సింథసిస్ (ఒక శబ్దతరంగంతో ఇంకోదాని స్థాయిని వేగంగా ఊపి కొత్త నాదం పుట్టించే పద్ధతి) దొరికింది. దాన్ని యమహా తీసుకుంది, 1983లో డీఎక్స్7 కీబోర్డు వచ్చింది. 80ల పాటల్లో ప్రపంచమంతా వినబడ్డ ఆ గాజు గంటల్లాంటి నాదం అదే. నాలుగు స్పీకర్ల మధ్య శబ్దం తిరిగే తన ‘టురెనాస్’ను మాత్రం అప్పటికి పదకొండేళ్ల ముందే, 1972లోనే చేసేశాడు.

పాతరాళ్ల పిచ్చోడు

అందరూ గాయకుణ్ణీ ఇంజినీరునూ పట్టుకున్నారు. గుడిని ఎవరూ అడగలేదు. ఆ శబ్దం ఏ సంవత్సరానిది?

ఆరో శతాబ్దిది అంటారా? 558లో ఆ గుమ్మటం కూలింది. 562 నాటికి ఇంకా ఎత్తుగా కట్టారు. పండగనాడు లోపల వేలమంది జనం, ఒంటి మీద బట్టలు, ఎక్కడికక్కడ తెరలు. ఇవన్నీ శబ్దాన్ని తాగేస్తాయి. పెళ్లికి ముందు ఖాళీ ఫంక్షన్ హాల్లో మైక్ టెస్ట్ చేసినవాళ్లకు తెలుస్తుంది, జనం వచ్చాక అదే హాలు వేరే హాలు. 2020లో నేలంతా తివాచీలు పరిచారు కాబట్టి ఇవాళ వెళ్లినా ఆ శబ్దం ఉండదు. అంటే మనం వింటున్నది చక్రవర్తుల కాలం కాదు, 2010 నాటి ఖాళీ మ్యూజియం, బోసి చలువరాతి నేల. దాని మీద ‘పోయిన గొంతులు’ అని పేరు పెట్టడం నాకు కాస్త వ్యాపారంగానే అనిపించింది.

మైక్‌సెట్టోళ్ల పిల్లగాడు

ఖాళీ హాల్ ముచ్చట వంద శాతం నిజం. మా నాయన పొద్దుగాల సెట్ చేసినయన్నీ జనం వచ్చినంక మళ్లీ ముట్టుకునేటోడు.

తంబూరశ్రుతి

రాళ్ల పిచ్చోడు గారి దెబ్బ నా వాదానికి పనికొస్తుందనుకున్నా. తీరా చూస్తే ఎదురు తిరిగింది. 2010 ఖాళీ మ్యూజియంలో ఎవరూ పాడలేదు. తివాచీ పడ్డాక ఆ హాలే లేదు. అంటే ఈ గాయకులు పాడిన చోటుకు అసలు అంటూ ఒకటి లేదు. నకలు అనాలంటే అసలు ఉండాలి కదా. ‘ట్రిక్ ఫోటో’ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా.

నిన్న మళ్లీ విన్నాను. ఈసారి కీర్తన వదిలేసి అడుగున ఉన్న శ్రుతి మీద చెవి పెట్టా. కొందరు గాయకులు ఒకే స్వరం పట్టుకుని ఉంటారు, దాన్ని ఐసన్ అంటారట. మన తంబూర పనే. పై గాయకుడు స్వరం మార్చినా పాత స్వరం ఇంకా గుమ్మటంలో తిరుగుతూ ఐసన్‌తో కలుస్తోంది. శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని నలభై ఏళ్లు పాడాను, హాలే శ్రుతి పట్టడం ఎప్పుడూ వినలేదు. అక్కడ నోరు మూతపడింది.

పేరు విషయంలో మాత్రం మాస్టారి పక్షమే. కావేరి మీట మీద కోపం కూడా అలాగే ఉంది.

మృదంగం మాస్టారు

అమ్మయ్య, సగమైనా నావైపు వచ్చారు. ఆ 11 సెకన్ల గుడిలో నన్ను తని (మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం) వాయించమంటే మాత్రం దండం పెట్టి లేచిపోతా. ఒక్క తిశ్రగతి (మూడేసి దెబ్బల నడక) చాలు, మొత్తం పిండిమరే.

పాతరాళ్ల పిచ్చోడు

మనకు గోల్కొండ ఉంది కదండీ. ఫతే దర్వాజా గుమ్మటం కింద చప్పట్లు కొడితే దాదాపు కిలోమీటరు దూరంలో, కోట శిఖరాన ఉన్న బాలా హిస్సార్ మీద వినబడుతుంది. గైడ్లు రోజూ చేసేదే. కింద బుడగ, పైన మైకు. ఎవరైనా వస్తారా?

మైక్‌సెట్టోళ్ల పిల్లగాడు

నేనొస్త అన్నా. మైకులు, స్టాండ్లు మావే. కానీ పొద్దుగాల గేటు తెరవంగనే పోవాలె. పది దాటితే స్కూలు పిల్లలొస్తరు. వాళ్ల చప్పట్లల్ల మన బుడగ ఎవనికి ఇనబడదు.

బే ఏరియా శ్రోత

రికార్డింగు పంపితే లెక్క నేను చేస్తా. బుడగలు ఒకే సైజువి కొనండి. అట్ట మీద గైడు పేరు కూడా వేయాలి, లేకపోతే మాస్టారు ఊరుకోరు.